వినకుండా అన్న సరే

సిరిసిల్లలోని ఆ వాడకట్టుకు నిశ్శబ్దం కరెంటు పోతేనే వస్తుంది. మిగతా వేళంతా సాంచాల మోతే. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. రజిత అద్దెకుండే గదికీ, రాజనర్సు కార్ఖానాకూ నడుమ ఒక్కటే గోడ. అవతల సాంచాలు ఆడుతుంటే ఇవతల గిన్నెల మీద మూతలు వణుకుతాయి. అలాంటి చోట కాపురముంటే రెండు అలవాట్లు తప్పవు. ఒకటి, ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవడం. రెండోది, పట్టుకోలేకపోతే "సరే" అనేయడం. మాటిమాటికీ "ఏందీ, ఏందీ" అని ఎవరరుస్తారు చెప్పండి? సరే అంటే ఎదుటివాళ్లు ఊరుకుంటారు, మన పని మనకు సాగుతుంది.

రజిత తల్లి ముత్తమ్మ కూడా ఆ గదిలోనే ఉండేది. వీర్నపల్లి దిక్కు పుట్టి, బతుకంతా పరాయి పొలాల్లో నాట్లు వేసిన మనిషి. ఆదివారం పూజ తప్పితే ఆ రోజు ఆమెకు అన్నం సహించేది కాదు. అందరికంటే ముందు పోయి చర్చి ఊడ్చేది. పిల్లలకు జపాలు నేర్పేది. తప్పు చదివితే చెవి మెలిపెట్టి, ఆ వెంటనే కొంగుముడి విప్పి పుట్నాలు పెట్టేది. రజిత భర్త చిన్న వయసులోనే పోయాడు. రజిత నూలు కండెలు చుట్టి ఇల్లు నడుపుతుంటే, మనవరాలు శ్రీలతను చంకన వేసుకుని పెంచింది ముత్తమ్మే. పళ్లన్నీ ఊడాక ఆ పేరు నోరు తిరగక "సీలత" అని పిలిచేది.

రోజూ పొద్దుగూకాక తల్లీకూతుళ్లు జపమాల చెప్పుకునేవాళ్లు. ప్రతి జపంలో మొదటి సగం తల్లిది, రెండో సగం కూతురిది. మోతలో తల్లి గొంతు వినపడేది కాదు. ఆమె వేళ్ల నడుమ చెక్కపూస జారడం చూసి రజిత తన వంతు అందుకునేది. అలా పద్దెనిమిదేళ్లు తల్లికి వినకుండానే జవాబు చెప్పింది. అందులో తప్పేముందో ఇద్దరికీ ఎన్నడూ తోచలేదు.

మొన్న వానాకాలంలో ముత్తమ్మ మంచం పట్టింది. ఆఖరి రోజు పొద్దున ఫాదర్ వచ్చి నుదుటికీ చేతులకూ తైలం పూసి, సత్ప్రసాదం ఇచ్చి వెళ్లారు. మధ్యాహ్నం రజిత గడప దగ్గర కండెలు చుడుతూ తలెత్తి చూసింది. తల్లి పెదవులు కదులుతున్నాయి. ఏదో అడుగుతోంది. మోతలో ఒక్క ముక్క అందలేదు. బోసినోరు కాబట్టి పెదవులూ అంతుపట్టలేదు. లేచి వెళ్లి చెవి ఆనిస్తే సరిపోయేది. నాలుగడుగులు. కానీ చేతిలో పని ఉంది.

"సరే అమ్మా" అంది, తలూపుతూ.

ముత్తమ్మ మొహం విప్పారింది. చిన్నపిల్లలా నవ్వింది. కాసేపటికి రజిత మళ్లీ చూస్తే ఆ నవ్వు అలాగే ఉంది. మనిషి లేదు.

శ్రీలత జగిత్యాలలో నర్సింగ్ చదువుతోంది. పరీక్షలు పాడవుతాయని అమ్మమ్మ జబ్బు సంగతి రజితే దాచింది. కబురందుకుని పిల్ల వచ్చేసరికి సమాధుల దగ్గర పెట్టె మూత పడిపోయింది. "ఒక్కసారి మొఖం సూపియ్యుండ్రి" అని మట్టిలో పడి ఏడ్చింది. ఆ ఏడుపు తలచుకుంటే రజితకు ఇప్పటికీ గుండె పగిలిపోతుంది.

అందరూ మంచి చావన్నారు. రజితకు మాత్రం ఒకటే గుచ్చుకునేది. అమ్మ ఏమడిగింది? తను దేనికి సరే అంది? ఆ రోజు గడపలో కూర్చుని ఉన్న రాజనర్సు భార్య రత్నమాలను అడిగింది.

"రత్నక్కా, అమ్మ ఏమన్నదో నీకు ఇనవడ్డదా?"

"సాంచాలు నడుస్తుంటె నాకేం ఇనవడుతది? నువ్వు సరే అన్నవు గదా. నీకు ఇనవడ్డదనుకున్న."

ఏడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలు ఆగాయి. చెవుల్లో గుయ్యిమనే హోరు మిగిలింది. అది కూడా మెల్లగా సన్నగిల్లాక...

టక్.

మంచం దిక్కు నుంచి. పూస మీద పూస పడిన చప్పుడు. ఆ జపమాలను రజితే తల్లి చేతికి చుట్టి పెట్టెలో పంపింది. గదిలో తైలం వాసన వచ్చింది.

"బిడ్డా... ఒక్కసారి..."

కరెంటు వచ్చింది. మిగిలిన మాట సాంచాలు మింగేశాయి.

రజిత భయపడలేదు. నిజం చెప్పాలంటే ఆశపడింది. అది అమ్మ గొంతు మరి. ఆ రోజు నుంచి కరెంటు పోవాలని కోరుకున్న మనిషి ఆ వాడ మొత్తానికి ఆమె ఒక్కతే.

ఇరవయ్యో రోజు మళ్లీ పోయింది.

"బిడ్డా... ఒక్కసారి మన సీలతను..."

రజిత కూలబడింది. మనవరాలిని చూడాలనుకుంది అమ్మ. అంతే. రెండు గంటల బస్సు ప్రయాణం. అంత చిన్న కోరికకు సరే అని, తీర్చకుండా మట్టిలో పెట్టింది. ఆ సాయంత్రం ఖాళీ మంచం పట్టె మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

ముప్ఫై తొమ్మిదో రోజు. మర్నాడు నలభై రోజుల పూజ. శ్రీలత జగిత్యాల నుంచి బయలుదేరింది. ఆకాశం మబ్బు పట్టి, మూడింటికే గది చీకటైంది. కరెంటు పోయింది.

టక్... టక్...

ఈసారి గొంతు మంచం మీద నుంచి రాలేదు. చెవి పక్కనే వినిపించింది. చల్లగా.

"బిడ్డా... ఒక్కసారి మన సీలతను... నా కాడికి పంపుతవా?"

బతికుండగా అడిగిన మాటే. ఒక్క అక్షరం మారలేదు. కానీ అమ్మ ఉన్న చోటు మారింది.

రజిత గోడకు జరిగింది.

"వద్దమ్మా..." అంది గుసగుసగా. "నాకు అప్పుడు ఇనవడలేదు... ఇనకుంటనే సరే అన్ననే..."

మంచం కిర్రుమంది. ఎవరో పక్కకు జరిగి చోటిచ్చినట్టు.

ఫోను పట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. "శ్రీలతా, ఇంటికి రాకు బిడ్డా! ఏడున్నవో ఆడనే ఉండు!" అని అరుస్తుండగానే కరెంటు వచ్చింది. సాంచాలన్నీ మొదలయ్యాయి. ఫోను చెవికి అదుముకుంటే రెండు మూడు ముక్కలు అందాయి.

"...సప్పుడుకు ఏం ఇనవడుతలేదమ్మా... సరే సరే..."

రజిత వెనక్కి ఉరికింది. గడపలో శ్రీలత బ్యాగు ఉంది. శ్రీలత మంచం అంచున కూర్చుని ఉంది. ఖాళీ దిండు మీదికి వంగి, చెవి ఆనించి వింటోంది. ఆ రోజు తను వేయాల్సిన నాలుగడుగులు ఈ పిల్ల వేసింది.

"అనకు బిడ్డా... ఆ మాట అనకు..."

గొంతు చించుకుని అరిచింది రజిత. ఆ అరుపు తన చెవికే వినపడలేదు.

శ్రీలత తలెత్తింది. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు. దిండు వైపు తలూపింది. ఆ పెదవులు ఏమన్నాయో రజితకు తేటగా తెలిసింది.

"సరే అమ్మమ్మా."