అరంగుళం చోటు

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి పాప నిద్రపోయింది. వెంటనే ఇల్లంతా గుసగుసల్లోకి దిగిపోయింది.

బాబాయి మునివేళ్ళ మీద నడుచుకుంటూ కుట్టుమిషను దాకా వచ్చాడు. చప్పుడు కాకుండా కుర్చీ లాక్కున్నాడు. ఒక కన్ను మూసి సూదిలోకి దారం ఎక్కించాడు. చక్రం మీద చెయ్యి వేశాడో లేదో, లోపల్నుంచి "క్యార్" మంది పాప.

"అయిపోయింది. ఇవాళ్టి కుట్టు ఇవాళ్టికి సరి," అన్నాడు బాబాయి.

గడపలో కూర్చుని బొత్తాలు ఏరుతున్న నాయనమ్మ నవ్వింది. "ఒరేయ్, దారం ఎక్కించావు కదరా. అదే గొప్ప. రేపు చక్రం తిప్పుదువుగాని."

బాబాయి ఫ్యాన్ల మెకానిక్కు. పాప పుట్టిన రోజున హాస్పిటల్ నుంచి వస్తూనే ఒక పెద్ద చార్ట్ కొని తెచ్చాడు. దాని మీద పన్నెండు నెలలకి పన్నెండు గడులు గీసి, బీరువా తలుపుకి అంటించాడు. మొదటి నెల పాప తల కింద వేసే గుడ్డలు, రెండో నెల చిన్న చొక్కాలు, మూడో నెల మెడకి కట్టే గుడ్డలు, ఇలా ఏడాది పొడుగునా ఏమేం కుట్టాలో రాసుకున్నాడు. వాటితోపాటు నెలకో బొంత ముక్క. ఇంట్లో ఒక్కొక్కరి పాత గుడ్డలోంచి ఒక్కో చదరం కోసి, ఆ పన్నెండింటినీ కలిపి కుడితే పాప మొదటి పుట్టినరోజుకి బొంత తయారన్నమాట.

అప్పటికి బాబాయి జీవితంలో కుట్టింది ఒకే ఒక్క బొత్తాం. అదీ తప్పు చోట కుట్టాడు.

"ఫ్యాన్లు చుట్టే చేత్తో బొంతలు కుడతాడట!" అని అందరూ ఆట పట్టించారు. బాబాయి మాత్రం పట్టు వదల్లేదు. నాయనమ్మ దగ్గర మిషను నేర్చుకున్నాడు. వేలికి సూది గుచ్చుకున్నా "హా" అనలేదు. పాప లేస్తుందని!

ఇప్పుడు ఎనిమిదో నెల ఆఖరు. పాపకి పళ్ళు వస్తున్నాయి. దానికి తోడు పోయిన వారం జ్వరం. బొంత ముక్కల్లో ఎనిమిది కావాల్సింది, ఆరే అయ్యాయి.

ఈ లెక్క బాబాయి కంటే తూనీగని ఎక్కువ బాధపెట్టింది. తూనీగ బాబాయి అన్నయ్య కూతురు. పదేళ్ళది. ఒక్కచోట రెండు నిమిషాలు నిలవదు కాబట్టి ఇంట్లో అందరూ తూనీగ అనే పిలుస్తారు.

"బాబాయ్, ఇలా అయితే పుట్టినరోజుకి మూడొంతుల బొంతే అవుతుంది. పాప కాళ్ళకి ఉండదు," అంది తూనీగ.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అంది నాయనమ్మ.

"ఆలస్యం అమృతం విషం అని నువ్వేగా అంటావు, నాయనమ్మా!"

"నిదానమే ప్రధానం అని కూడా అంటాను. అది మాత్రం నీ చెవికి ఎక్కదు."

బాబాయి ఏడుస్తున్న పాపని భుజాన వేసుకున్నాడు. "దీన్ని అలా వీధి చివరి దాకా తిప్పుకొస్తాను. అన్నట్టు తూనీగా, నీ గుడ్డ ఇంకా ఇవ్వలేదు. పసుపు గౌను ఇస్తానన్నావు కదా?"

"రేపిస్తాలే బాబాయ్."

ఆ "రేపు" మొదలై రెండు నెలలైంది. పసుపు గౌనంటే తూనీగకి ప్రాణం. రెండేళ్ళ కిందటే అది బిగుతైంది. వెనక జిప్ సగం దాకా కూడా రావడం లేదు. అయినా ఇవ్వాలంటే చెయ్యి రావడం లేదు.

బాబాయి వెళ్ళాడు. నాయనమ్మ బొత్తాల డబ్బా పక్కన పెట్టి నడుం వాల్చింది. మిషను పక్కన సంచిలో మిగిలిన ఐదు గుడ్డలూ ఉన్నాయి. వాటి మీదే ఎనిమిదంగుళాల చదరపు అట్ట, సుద్ద, కత్తెర ఉన్నాయి.

తూనీగ వాటిని చూసింది. కత్తెర కూడా తన వైపే చూస్తున్నట్టు అనిపించింది.

'ముక్కలన్నీ నేను కోసి పెట్టేస్తే! బాబాయికి కుట్టడమే మిగులుతుంది. సగం పని అయిపోయినట్టే!'

బాబాయి ఎలా కోస్తాడో తను చాలాసార్లు చూసింది. గుడ్డ మీద అట్ట పెట్టి చుట్టూ సుద్దతో గీస్తాడు. తర్వాత ఆ గీతకి బయట అరంగుళం దూరంలో ఇంకో గీత గీస్తాడు. బయటి గీత మీద కోస్తాడు.

'చదరం ఎనిమిదంగుళాలైతే తొమ్మిదంగుళాల గుడ్డ ఎందుకు? ఎంత వృథా! పాపం, బాబాయికి లెక్కలు రావు,' అనుకుంది తూనీగ. క్లాసులో లెక్కల్లో తనే ఫస్టు మరి.

అట్ట పెట్టింది. గీసింది. సరిగ్గా గీత మీదే కోసింది. నాన్న పాత చొక్కా అయింది. అమ్మ కర్టెన్ గుడ్డ అయింది. నాయనమ్మ దుప్పటి ముక్క, పిన్ని పాత నర్సు కోటు కూడా అయ్యాయి.

అడుగున ఒక తెల్ల రుమాలు మిగిలింది. నడుమ నాలుగు నీలం పూలు. అవి మిషను మీద కుట్టినవి కావు. పిన్ని వాళ్ళమ్మ తన చేత్తో కుట్టినవి. ఆవిడ పాప పుట్టకముందే చనిపోయింది. పాపకి ఆ అమ్మమ్మ గుర్తుగా బొంతలో ఉండాలని పిన్ని ఇచ్చిన రుమాలు అది.

తూనీగ కత్తెర ఒక్క క్షణం ఆగింది. 'దీన్ని అన్నిటికంటే జాగ్రత్తగా కొయ్యాలి,' అనుకుని చాలా జాగ్రత్తగా, నాలుక కొంచెం బయటపెట్టి, సరిగ్గా గీత మీద కోసింది.

బాబాయి వచ్చేసరికి పాప భుజం మీద నిద్రపోతోంది. తూనీగ ఐదు ముక్కల్నీ బల్ల మీద వరసగా పేర్చి, ఛాతీ విరుచుకుని నిలబడింది.

"బాబాయ్, చూడు! ఒక్క దారప్పోగు కూడా వృథా చెయ్యలేదు!"

బాబాయి మొహం వెలిగిపోయింది. "ఓరి నీ దుంపతెగ! అన్నీ కోసేశావా?" పాపని పడుకోబెట్టి వచ్చి, ఒక ముక్క తీసి దాని మీద అట్ట పెట్టాడు. అట్ట, ముక్క ఒకటే కొలతలో ఉన్నాయి. ఒక అంచు కూడా బయటికి రాలేదు.

అతని మొహంలో వెలుగు తగ్గిపోయింది. కోటు ముక్కని ముందే కుట్టిన ముక్క పక్కన పెట్టి, రెండు అంచులూ కలిపి మడిచి చూపించాడు.

"కుడితే నాలుగు వైపులా అరంగుళం లోపలికి పోతుందమ్మా. ఆ చోటు వదల్లేదు నువ్వు. ఇది ఇప్పుడు ఏడంగుళాల ముక్క అవుతుంది. మిగతావాటితో కలవదు."

తూనీగ చెవులు వేడెక్కాయి. తను వృథా అనుకున్న అరంగుళం ఎందుకో ఇప్పుడు కళ్ళ ముందు కనిపించింది.

"మళ్ళీ కోసుకోవచ్చు కదా బాబాయ్?"

"చొక్కా, కర్టెన్ అయితే మిగిలింది, కోసుకోవచ్చు. కానీ..." బాబాయి రుమాలు చేతిలోకి తీసుకున్నాడు. "ఇది ఒక్కటే కదా."

ఆరింటికి పిన్ని డ్యూటీ దిగి వచ్చింది. చెప్పులు విప్పుతూనే బల్ల మీద రుమాలు చూసింది. అంచుల్లేని రుమాలు.

బాబాయి ముందుకొచ్చాడు. "అది... నేను కొంచెం తొందరపడి..."

తూనీగ ఊరుకుంటే సరిపోయేది. బాబాయే తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు. కానీ తూనీగ అతని పక్కనుంచి ముందుకొచ్చింది.

"బాబాయి కాదు పిన్నీ. నేను. అడక్కుండా కోశాను. కుట్టుకి చోటు వదల్లేదు."

పిన్ని కుర్చీలో కూర్చుని రుమాలు ఒళ్ళో పరుచుకుంది. నీలం పూల మీద వేలితో నెమ్మదిగా రాసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నిజం చెప్పావు, మంచిదే. కానీ నాకు ఇప్పుడు చాలా కోపంగా ఉంది తూనీగా. చాలా బాధగా కూడా ఉంది. రేపు మాట్లాడుకుందాం," అంది. రుమాలు మడిచి బల్ల మీదే పెట్టి లోపలికి వెళ్ళింది.

తూనీగకి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. కానీ ఏడుపుతో గుడ్డ పెరగదు కదా.

ఆదివారం పొద్దున్నే నాయనమ్మ దగ్గరికి వెళ్ళింది. "నాయనమ్మా, కోసిన గుడ్డని పెద్దది చెయ్యొచ్చా?"

నాయనమ్మ కళ్ళజోడు పైకి తోసి చూసింది. తిడుతుందేమో అనుకుంది తూనీగ. తిట్టలేదు.

"కోసింది పెరగదు. కానీ అతకొచ్చు. అతకడానికేగా సూది పుట్టింది! చుట్టూ నాలుగు వైపులా పట్టీ వేస్తే రుమాలు మళ్ళీ కొలతకి వస్తుంది. కాకపోతే ఒక్కదానికే వేస్తే చిల్లుకి మాసిక వేసినట్టుంటుంది. ఐదింటికీ వెయ్యాలి, అదీ ఒకే రంగు. అంత గుడ్డ ఎక్కడ దొరుకుతుందో చూసుకో మరి."

తూనీగ లోపలికి వెళ్ళి బీరువా తెరిచింది. పసుపు గౌను తీసి ఒకసారి మొహానికి ఆనించుకుంది. తెచ్చి నాయనమ్మ ముందు పెట్టింది.

"ఇదా?" అంది నాయనమ్మ.

"ఇదే. నేనే కోస్తాను నాయనమ్మా. నువ్వు చూస్తూ ఉండు, చాలు."

"ఎన్ని కావాలో చెప్పు ముందు."

"ఐదు నాలుగులు ఇరవై పట్టీలు. పైకి కనిపించేది అరంగుళం, రుమాలుతో కుట్టుకి అరంగుళం, పక్క ముక్కతో కుట్టుకి ఇంకో అరంగుళం. పట్టీ వెడల్పు ఒకటిన్నర అంగుళం."

"ఇప్పుడొచ్చాయి నీకు లెక్కలు," అంది నాయనమ్మ.

మొదటి పట్టీ వంకరపోయింది. రెండోది ఒకవైపు సన్నం, ఒకవైపు లావు. తూనీగ వాటిని పక్కన పెట్టి మళ్ళీ గీసింది. ముందు ఒక గీత. దాని బయట అరంగుళం దూరంలో ఇంకో గీత. రెండూ చూసుకుని, స్కేలుతో మళ్ళీ కొలిచి, అప్పుడు కత్తెర పట్టింది. ఆటకి రమ్మని స్నేహితురాళ్ళు కిటికీ దగ్గరికొచ్చి రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ తల అడ్డంగా ఊపింది. తూనీగ ఒక్కచోట మూడు గంటలు కూర్చుందంటే ఆ ఇంట్లో ఎవరూ నమ్మరు. నాయనమ్మ కళ్ళారా చూసింది కాబట్టి సరిపోయింది.

సాయంత్రం తూనీగ పాపని ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తుంటే, బాబాయి రుమాలు చుట్టూ పసుపు పట్టీ వేసి కుట్టాడు. దారం తెంపి, ముక్క మీద అట్ట పెట్టాడు. అట్ట చుట్టూ నాలుగు వైపులా అరంగుళం గుడ్డ బయటికి కనిపించింది. పాప తప్ప ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

తూనీగే ఆ ముక్కని పిన్ని చేతికిచ్చింది. "నీలం పూలకి ఏమీ కాలేదు పిన్నీ. సారీ."

పిన్ని పూలని చూసింది. చుట్టూ ఉన్న పసుపుని చూసి గుర్తుపట్టింది. "ఇది నీ గౌను కదే!"

"ఇంకా మిగిలింది. నా చదరం కూడా అందులోదే. ఆరు మామూలువి, ఆరు పసుపువి. ఒకటి విడిచి ఒకటి పెడితే బాగుంటుందని నాయనమ్మ అంది."

పిన్ని తూనీగని దగ్గరికి లాక్కుంది. నిన్నటి కోపం ఇంకా కొంచెం ఉందేమో, చెవి కూడా మెత్తగా మెలిపెట్టింది. తూనీగ దానికి ఏమీ అనుకోలేదు.

మర్నాడు స్కూలు నుంచి రాగానే తూనీగ ఒక కొత్త చార్ట్, పెన్సిల్, స్కేలు ముందేసుకుని కూర్చుంది. చాలాసేపు గీసింది. పూర్తయ్యాక బీరువా తలుపు మీద పాత చార్ట్ పక్కన అంటించింది. అందులో మిగిలిన నాలుగు నెలలూ, వారం వారం కుట్టాల్సినవీ ఉన్నాయి. తనకొచ్చిన పనులు కూడా రాసుకుంది: బాబాయి కుడుతున్నప్పుడు పాపని ఆడించడం, సుద్దతో గీతలు గీయడం. కొయ్యడం అన్న చోట మాత్రం 'అడిగి' అని పెద్ద అక్షరాలతో రాసింది.

బాబాయి, పిన్ని వచ్చి చూశారు.

"అంతా బాగుంది. కానీ ప్రతి నెలా చివరి వారం ఖాళీగా ఉందేంటి? మర్చిపోయావా?" అన్నాడు బాబాయి.

"మర్చిపోలేదు. కావాలనే వదిలాను."

"దేనికి?"

"పాపకి మళ్ళీ జ్వరం రావచ్చు. నీకు నిద్ర చాలకపోవచ్చు. పిన్నికి డ్యూటీ మారచ్చు." తూనీగ చిన్నగా అంది, "నేను మళ్ళీ ఏదైనా పాడుచెయ్యొచ్చు."

పిన్ని పకపకా నవ్వింది. లోపల్నుంచి పాప "క్యార్" మంది. బాబాయి అప్పుడే దారం ఎక్కించిన సూది వైపు చూశాడు.

"నువ్వు కూర్చో బాబాయ్, నేను చూస్తాగా," అంటూ తూనీగ ఉయ్యాల దగ్గరికి పరిగెత్తింది.