పొట్ట కింద పోర్టు

“ప్రింటర్‌లో కాగితం అయిపోయింది,” అంది ఫోన్‌లో గొంతు.

చీఫ్ వెంటనే రమ్మంటున్నాడని దానికి అర్థం. అది కోడ్. ఆ డిపార్ట్‌మెంట్‌లో ప్రింటర్‌కి నిజంగా కాగితం అయిపోతే ఎవరూ ఎవరికీ చెప్పరు. ఏజెంట్ జిగురు చేతిలో కాఫీ సగంలో వదిలేసి నాలుగో అంతస్తుకి పరిగెత్తాడు. ఎవరి వెనకైనా పడ్డాడంటే వదలడు కాబట్టి అతనికా పేరు. అసలు పేరు ఫైల్లో ఉంది, ఫైలు బీరువాలో ఉంది, బీరువా తాళం చీఫ్ దగ్గర ఉంది.

చీఫ్ రెండు ముక్కల్లో తేల్చేశాడు. సరిహద్దు అవతల మన ఏజెంట్లు పదకొండు మంది. విదేశీ ముఠాకి వాళ్ళ వాసన తగిలింది. ఇవాళ సరిగ్గా పదకొండు గంటలకి ఈ గదిలో తను వాళ్ళ పేర్లు, చిరునామాలు చదువుతాడు. వినే ముగ్గురు ఆపరేటర్లు సాయంత్రానికల్లా వాళ్ళని తప్పిస్తారు. ఒక్క పేరు బయటికి పొక్కినా ఆ మనిషి రేపటి పొద్దు చూడడు. గదిలో రహస్య మైకులు లేవని వెతికి సంతకం పెట్టడం జిగురు పని.

“ఇంకోమాట. ఆ నెమలి జోలికి పోకు. నాలుగు రోజులు వాటర్ క్యాన్లు మోసే వేషంలో అతని వెంట తిరిగావట. కంప్లయింట్ వచ్చింది,” అన్నాడు చీఫ్.

నెమలి అంటే మిత్రదేశపు ఏజెన్సీ పంపిన ఆఫీసర్. ఆరడుగుల పొడుగు, ముడత పడని సూటు. అతను కారిడార్‌లో నడిస్తే గదుల్లో టైపింగ్ చప్పుడు ఆగిపోతుంది. అంతవరకూ జిగురు ఓర్చుకోగలడు. ఓర్చుకోలేనిది వేరే ఉంది.

కింద గాడ్జెట్ ల్యాబ్‌లో ఇంజనీరు జిగురు భార్యే. డిపార్ట్‌మెంట్ మొత్తానికీ వైర్‌లెస్ మౌస్ డిజైన్ చేసి, చార్జింగ్ పోర్టుని దాని పొట్ట కింద పెట్టింది. చార్జింగ్ పెట్టాలంటే మౌస్‌ని వెల్లకిలా పడుకోబెట్టాలి, అంతసేపూ పని బందు. అందరూ నవ్వారు. జిగురు ఇంట్లో మరీ పగలబడి నవ్వాడు, దాంతో మూడు రోజులు మాటల్లేవు. నెమలి మాత్రం ల్యాబ్‌కి వెళ్ళి, బుర్ర పెట్టి చేసిన మౌస్ తన జీవితంలో ఇదొక్కటే చూశానన్నాడట. ఆ మాట ఆవిడ వారంలో ఆరుసార్లు చెప్పింది. ఆరుసార్లూ జిగురుకి కడుపు రగిలిపోయింది. పన్నెండేళ్ళ కాపురంలో తను అనాల్సిన మాట, ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ సూటుగాడు రెండు నిమిషాల్లో అనేసి పోయాడు!

ఆ మంట దిగమింగుకుని పనిలో పడ్డాడు. ల్యాంపు విప్పాడు, ఫోను విప్పాడు, కుర్చీ కాళ్ళు తట్టి చూశాడు, పూలకుండీలో మట్టి కూడా కెలికాడు. ఏమీ లేదు. తొమ్మిదిన్నరకి సంతకం పెట్టాడు.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా మళ్ళీ పైకి వచ్చాడు. చీఫ్ గదికి ఎదురుగా, అద్దాల గోడల విజిటర్స్ రూమ్‌లో నెమలి కాలు మీద కాలేసుకుని, చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని, పాట వింటున్నట్టు తలాడిస్తున్నాడు. జిగురు పళ్ళు కొరుక్కుంటూ లోపలికి వెళ్ళాడు. ఆపరేటర్లు ముగ్గురూ కూర్చుని ఉన్నారు. చీఫ్ చేతి కింద కొత్త మౌస్ ఉంది. దాని ముందువైపు నుంచి చార్జింగ్ కేబుల్ వేలాడుతోంది.

“చూశావా? చార్జ్ అవుతూనే పని చేస్తోంది. పదింటికి నా మౌస్ చచ్చిపోతే, ల్యాబ్‌లో కొత్త మోడల్ అని నెమలి తెచ్చిచ్చాడు. మీ ఆవిడ చివరికి పోర్టు ముందుకి జరిపిందయ్యా.”

జిగురు గుండెలో కలుక్కుమంది. కట్టుకున్నవాడు నెత్తీ నోరూ బాదుకున్నా మార్చనిది, అతను అడిగితే మార్చిందా?

అసూయపడ్డవాడికి ఒక గుణం ఉంటుంది, ఏ మాటా మరిచిపోడు. మౌస్ చూసి తను నవ్విన రోజు ఇంట్లో జరిగిన పోట్లాట అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. పోర్టు ముందుంటే జనం కేబుల్ రోజంతా తగిలించే ఉంచుతారని, బ్యాటరీ ఉబ్బిపోతుందని, పైగా ఆ తీగ వెంట ఎవడైనా కంప్యూటర్లోకి దూరగలడని ఆవిడ వాదించింది. తీగ తగిలించినంతసేపూ మౌస్ చచ్చినట్టు పడుండాల్సిందే, ప్రాణం పోయినా మార్చనని దిండు విసిరికొట్టింది. అలాంటి మనిషి మార్చదు. అసలు పొట్ట కింది పోర్టుని అంతలా పొగిడినవాడు ముందు పోర్టున్న మౌస్ ఎందుకు తెచ్చాడు? మీటింగ్ మధ్యలో చార్జింగ్ అయిపోకూడనిది దాని లోపల ఇంకేదో ఉంది.

“సార్, అది మా ఆవిడ చేసిన మౌస్ కాదు. నెమలి మనల్ని—”

“అసూయ నీ నెత్తికెక్కిందయ్యా. నోరుమూసుకుని కూర్చో.”

గడియారం పదకొండు చూపించింది. చీఫ్ కళ్ళజోడు పెట్టుకుని కాగితం మడత విప్పాడు. “మొదటి పేరు...”

జిగురు ఒక్క ఉదుటున మౌస్ లాక్కున్నాడు. నోటి దగ్గర పెట్టుకుని, రెండు వేళ్ళు నాలుక కింద పెట్టి, గది అదిరేలా ఈల వేశాడు.

అద్దాల అవతల నెమలి సోఫాలోంచి ఎగిరిపడ్డాడు. రెండు చేతులతో చెవులు మూసుకుని గిలగిల్లాడాడు. ఇయర్‌బడ్ ఒకటి నేలమీద దొర్లుకుంటూ పోయింది. చీఫ్ అతన్ని చూశాడు, మౌస్‌ని చూశాడు, కాగితాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నెమలి తేరుకునేలోగా గార్డులు రెండు రెక్కలూ విరిచి పట్టుకున్నారు. మౌస్ విప్పితే బియ్యపుగింజంత మైకు బయటపడింది. పేర్లు చదవడం వేరే గదిలో జరిగింది. సాయంత్రానికి పదకొండు మందీ సరిహద్దు దాటి క్షేమంగా వచ్చేశారు.

ఇంటికొచ్చి రిపోర్టు టైప్ చేస్తుంటే భార్య పక్కన కూర్చుంది. అంతా విని, ఒకటే అడిగింది.

“అతని కోసం నేను మార్చానని ఒక్క క్షణమైనా అనుకోలేదా?”

జిగురు మౌస్‌ని అటూ ఇటూ జరిపాడు. “అనుకున్నాను. ఒక్క క్షణమే.”

“హూఁ. నా డిజైన్ మెచ్చుకున్న మనిషి లోకంలో ఒక్కడే దొరికాడు, వాణ్ణీ జైల్లో పెట్టించారు.”

సరిగ్గా అప్పుడే స్క్రీన్ మీద బాణం నిలిచిపోయింది. మౌస్‌లో చార్జింగ్ అయిపోయింది. రిపోర్టు ఇంకో పది నిమిషాల్లో చీఫ్‌కి చేరాలి. ఆవిడ కళ్ళార్పకుండా చూస్తోంది. జిగురు మౌస్‌ని భద్రంగా వెల్లకిలా పడుకోబెట్టి, పొట్టలో కేబుల్ గుచ్చి, చేతులు కట్టుకున్నాడు.

“బుర్ర పెట్టి చేశావు,” అన్నాడు.

ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఎన్నో వేషాలు కట్టినవాడు, చార్జింగ్ నిండేదాకా రెండు గంటలపాటు ఆ నవ్వుమొహం వేషం మాత్రం తీయలేదు.