మూగ వంపు — వార్త లేదు

మూగ వంపు పేరెత్తితే చాలు, అక్కడి జనం మాట మార్చేసేవాళ్లట.

వాళ్లేమీ పిరికిపందలు కారు. నడిసముద్రంలో గాలివాన ఎదురొచ్చినా తాపీగా తాడు ముడేసుకునే రకాలు. అలాంటివాళ్లు ఆ వంపు ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం ఇంజన్ జోరు పెంచి, మొహం అటు తిప్పుకునేవాళ్లట. నేను చూశానని చెప్పను. విన్నది విన్నట్టు చెబుతున్నా. నాకు చెప్పినవాళ్లు గొప్పలు కోసే బాపతు కాదు.

ఆ తీరం తిన్నగా ఉండదు. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన చోటల్లా ఒక వంపు. పెద్ద వంపు, రాళ్ల వంపు, పీతల వంపు... అన్నిటికంటే చివరిది మూగ వంపు. బయట అలలు ఎంత రభస చేసినా సరే, ఇసుక మేట దాటి లోపలికి వెళ్తే చప్పుడన్నది ఉండదు. చుట్టూ మడచెట్లు, మధ్యలో కదలని నల్లటి నీళ్లు. పిట్ట కూడా కూయదు.

అలాంటి చోట — దీపాలు పెట్టే వేళకి — ఒక ఆడగొంతు వినిపిస్తుందట.

మొదట విన్నది పీతలు ఏరుకునేవాళ్లు. మడచెట్ల వెనక బురదలో నడుస్తుంటే ఎవరో ఆడమనిషి గొణుగుతున్నట్టు... కాసేపు ఆగినట్టు... మళ్లీ గొణుగుతున్నట్టు. బుట్టలు అక్కడే పడేసి కాళ్లకు బుద్ధి చెప్పారు. ఆ తర్వాత అటు కన్నెత్తి చూసినవాడు లేడు.

ఒక్క వార్తలక్క మాత్రం రోజూ ఆ వంపు పేరు పలికేది. పలకడమే ఆమె పని మరి.

రేవు పక్కన ఐసు గిడ్డంగి, దాని మీద రేకుల గది, గదిలో బల్ల మీద ఒక వైర్‌లెస్ సెట్టు. పొద్దుగూకే వేళకి అక్కడ కూర్చుని ఏ వంపులో పరిస్థితి ఎలా ఉందో చదివేది ఆమే. గాలి ఎటు తిరిగింది, నీళ్లు తేటా బురదా, ఏ చేప పడుతోంది, మేట ఎక్కడికి జరిగింది... పగలంతా వచ్చే పోయే పడవలవాళ్లను పీక్కుతిని కనుక్కునేది. ఆమె చెప్పందే రేపు వల ఎక్కడ వేయాలో ఎవరికీ పాలుపోయేది కాదు.

దానికో పద్ధతుంది. ఒక వంపు వార్త చదవగానే ఆమె ఆగుతుంది. ఆ వంపులో ఉన్న పడవవాళ్లు మైకు బటన్‌ను రెండుసార్లు నొక్కి వదులుతారు. టిక్... టిక్. విన్నాం అని అర్థం. ఏ సెట్టు బటన్ నొక్కితే ఆ సెట్టు మీదే చిన్న ఎర్రదీపం వెలుగుతుంది, మిగతా సెట్లలో టిక్కు వినిపిస్తుంది. అంతే, మాటల్లేవు.

ఒకవేళ పడవే లేదనుకున్న చోటు నుంచి టిక్కులొస్తే, "ఎవరు?" అని అడగాలి. అడిగి తీరాలి. ఆపదలో ఉన్నవాడేమో ఎవరికి తెలుసు!

మూగ వంపు దగ్గరికొచ్చేసరికి రెండేళ్లుగా ఆమెది ఒకటే మాట. "మూగ వంపు. వార్త లేదు."

రెండేళ్లుగా ఆ మాట వెనకాలే...

టిక్... టిక్.

ఆమె "ఎవరు?" అని అడగలేదు. ఒక్కనాడూ అడగలేదు.

ఎందుకంటే, ఒకప్పుడు ఆ వంపులో వల వేసే మొండిఘటం ఒక్కడే ఉండేవాడు. ఆమె మొగుడు. అక్కణ్ణించి టిక్కులొచ్చాయంటే అవి ఆయనవే. ఆయన వేలు బటన్ మీద కాస్త ఎక్కువసేపు ఆగేది. రెండు టిక్కుల మధ్య ఒక గుటక వేసేంత సందు. రేవులో మిగతావాళ్లంతా టిక్‌టిక్‌మని నొక్కి పారేసేవాళ్లు.

ఒక రోజు పొద్దున ఆయన "ఇవాళ బయటి సముద్రానికి పోతున్నా" అని చెప్పి బయల్దేరాడు. మధ్యాహ్నానికి గాలివాన. మనిషి తిరిగి రాలేదు. రేవంతా కదిలి బయటి సముద్రం జల్లెడ పట్టారు. మూగ వంపు వైపు కూడా ఒక పడవ పోయింది గానీ, అప్పటికే ఇసుక మేట కూరుకుపోయి లోపలికి దారి మూసుకుపోయింది. దారే లేనప్పుడు పడవ ఎలా దూరుతుంది? అని వెనక్కి తిరిగొచ్చారు.

కొన్ని వారాలు ఆ వంపు పేరు తర్వాత చప్పుడు లేదు. తర్వాత ఒక సాయంత్రం... టిక్... టిక్. మధ్యలో అదే సందు.

"తేమకి సెట్టు చేసే చప్పుడు వదినా అది," అనేది ఆడపడుచు. ఆ పిల్ల కూడా అదే ఇంట్లో, అదే గదిలో, అన్న కోసం ఏడ్చి ఏడ్చి ఊరుకున్న మనిషే. "అన్నయ్య లేడు. ఒప్పుకో వదినా. ఒప్పుకుంటే నువ్వూ బతుకుతావు, నేనూ బతుకుతాను."

వార్తలక్క లెక్క ఆమెకుంది. అడిగితే వేరే ఎవరి గొంతో పలకొచ్చు. ఏ గొంతూ పలక్కపోనూవచ్చు. అడగనంత కాలం అక్కడ ఉన్నది ఆయనే. ఆ రెండు టిక్కుల కోసమే ఆమె పొద్దున లేచేది, అన్నం తినేది, జడ వేసుకునేది.

ఈ ఏడు వానలు విరగబడ్డాయి. వంపులన్నిట్లోకీ ఎర్రటి బురదనీళ్లు దిగాయి. నీళ్లలో ఉప్పు తగ్గిపోయి చేపలు ఎటో తరలిపోయాయి. వార్తలక్క ఏ వంపు చదివినా ఒకటే పాట: "నీళ్లు బురద. పండుగప్ప లేదు. రొయ్య లేదు. గాలి తూర్పు." వినేవాళ్లకి విసుగు, చదివే మనిషికి అంతకంటే విసుగు.

ఆ వరదకే మూగ వంపు ముందున్న ఇసుక మేట తెగింది.

మొదట చూసింది బాతు. నడకను బట్టి వచ్చిన పేరులెండి, మనిషి మాత్రం వాగుడుకాయ. ఆశ కొద్దీ ఒక్కడే లోపలికి దూరాడు. ఎలా దూరాడో అంతకు రెట్టింపు జోరుతో బయటికొచ్చి, తడిసిన బట్టలతోనే రేకుల గది మెట్లెక్కాడు.

"అక్కా... అక్కడ నీళ్లు అద్దంలా ఉన్నాయక్కా. పండుగప్పలు కాళ్ల మీద పడుతున్నాయ్. వల దించానో లేదో..."

"ఎంత లోతుంది?" అంది వార్తలక్క, అలవాటు కొద్దీ.

"లోతు సంగతి తర్వాత తల్లీ! ఆడగొంతక్కా... నా పై ప్రాణాలు పైనే పోయాయి. వల కోసేసి వచ్చేశా."

ఆడపడుచు నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. బాతుకి రోషం వచ్చింది. "నవ్వండి, నవ్వండి! మడచెట్ల మధ్య పడవ ముక్కు కూడా చూశా. ఎక్కడో చూసినట్టుంది... నీలం రంగు."

నవ్వు ఆగిపోయింది. వార్తలక్క మొగుడి పడవది నీలం రంగు.

మర్నాడు వార్తలక్క ముసలి సరంగు గుమ్మంలో నిలబడింది. ఆయన ఆమె మొగుడికి మేనమామ. పడవలు నడిపి నడిపి చెవుల్లో ఇంజన్ హోరు తప్ప ఇంకేమీ మిగలని మనిషి.

"మావయ్యా, నన్ను మూగ వంపులోకి తీసుకెళ్లండి."

ఆయన రేవు నీళ్లకేసి చూశాడు. "పోటు ఎక్కితే గానీ మేట మీదుగా పడవ పోదు తల్లీ. పోటు సాయంత్రానికి. అక్కడికి చేరేసరికి చీకటి పడుద్ది."

"పడనీండి."

"మరి వార్తలు?"

"మీ మేనకోడలు చదువుతుంది లెండి."

ఆడపడుచుకి అదే మొదటిసారి. వార్తలక్క ఆమెను సెట్టు ముందు కూర్చోబెట్టి పద్ధతంతా నేర్పింది. చివరికి, "మూగ వంపు దగ్గర వార్త లేదు అని చదువు," అంది. ఇంకేదో చెప్పబోయి మానేసింది.

ఇద్దరూ బయల్దేరారు. ముసలాయన చేతిలో చిన్న చేతి సెట్టు, ఇంకా ఆన్ చేయలేదు. దారిలో ఆమె నీళ్లకేసి చూస్తూనే ఉంది. పెద్ద వంపులో బురద... రాళ్ల వంపులో బురద... పీతల వంపులో నురగ. మేట దాటగానే నీళ్లు తేటపడ్డాయి. అలల చప్పుడు వెనకబడింది... సన్నబడింది... ఆగిపోయింది.

ముసలాయన ఇంజన్ ఆపి గెడ అందుకున్నాడు.

గెడ బురదలో దిగుతున్న చప్పుడు. గెడ పైకొస్తున్న చప్పుడు. ఇంకేం లేదు.

అప్పుడు వినిపించింది.

ఆడగొంతు. సన్నగా, ముక్కుతో మాట్లాడినట్టు... ఆగింది. మళ్లీ మొదలైంది.

"విన్నావా?" అని గుసగుసగా అన్నాడు ముసలాయన. ఆ చెవులకీ వినిపించింది! గెడ నీళ్లలోనే ఆపేశాడు. "వెనక్కి పోదాం తల్లీ..."

"పోనీండి మావయ్యా. ముందుకే పోనీండి."

వార్తలక్క కళ్లు తిప్పలేదు. కొమ్మలు పక్కకి తప్పుకున్నకొద్దీ గొంతు దగ్గరైంది... మాటలు విడివడ్డాయి...

"...రాళ్ల వంపు. నీళ్లు బురద. గాలి తూర్పు. పండుగప్ప లేదు..."

ఆడపడుచు గొంతు! ముసలాయన తన చేతి సెట్టు ఆన్ చేసి చూస్తే, అందులోనూ అదే గొంతు.

వార్తలక్క పడవలోనే కూలబడింది. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో ఆమెకే తెలీదు.

మడచెట్ల వేళ్ల మధ్య ఆ పడవ ఒక పక్కకి ఒరిగి ఉంది. నీలం రంగు పెచ్చులూడింది. చుక్కాని పిడికి ఇంకా గుడ్డ చుట్టే ఉంది... ఆయన అరచెయ్యి బొబ్బలెక్కుతోందని ఆమె స్వయంగా చుట్టిన పాత చీర పేలిక. పడవ గది కప్పు మీద సోలార్ పలక చెక్కుచెదరలేదు. పగలంతా ఎండ తాగి బ్యాటరీని బతికిస్తోంది. లోపల సెట్టు మోగుతూనే ఉంది. రెండేళ్లుగా రోజూ ఈ వేళకి అది వార్తలు చదువుతోంది, ఆమె గొంతుతో. జనం దడుచుకున్న దెయ్యం ఎవరో కాదు... ఆమే.

"దారి మూసుకున్నాక దూరలేదు తల్లీ..." అన్నాడు ముసలాయన, తల పట్టుకుని. "గాలివానకి వీడు ముందే లోపలికొచ్చి దాక్కున్నాడు. వీడొచ్చాక మూసుకుంది. మాకు తట్టలేదు. ఇంతమందిమి... ఒక్కడికీ తట్టలేదు."

ఆమె ఆ పడవలోకి దిగింది. అడుగున బురద, పీతలు. మనిషి లేడు. మనిషి తాలూకు గుర్తు కూడా ఏమీ లేదు.

సెట్టు దగ్గరికెళ్లింది. మైకు తగిలించే కొక్కెం ఖాళీగా ఉంది. మైకు తీగ మొదట్లోనే తెగి, తుప్పుపట్టి వేలాడుతోంది. మైకు లేదు. పడవంతా వెతికింది. లేదు.

అప్పుడు ఆమెకి ఇంకోటి తెలిసింది. అది తెలియకపోయినా బాగుండేది. మైకు లేని సెట్టు వినగలదు గానీ చెప్పలేదు. ఏ దెబ్బ తగిలి కదల్లేకపోయాడో... ఇక్కడ ఆయన ఎన్నాళ్లు బతికాడో... ఆమె చదువుతుంటే ఎన్ని సాయంత్రాలు విన్నాడో... ఇక్కడున్నానని ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయాడు. ఆమె గొంతు ఆయన చెవిలో పడుతుండగానే, "వార్త లేదు" అని చదివి సెట్టు కట్టేసి ఇంటికెళ్లిపోయేది.

"మరి టిక్కులు?" అంది ఉన్నట్టుండి.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "మైకు లేందే బటనెక్కడిది? తేమకి వచ్చిన చప్పుడే అయ్యుంటుంది. నీ ఆడపడుచు చెప్పింది నిజమే తల్లీ."

ఆమె తలూపింది. రెండేళ్ల తర్వాత మొదటిసారి ఒప్పుకుంది. ఆయన లేడు. నోరు తెరిచి, బయటికే అంది. "లేడు మావయ్యా." కళ్లు తుడుచుకుని, సెట్టు ఆపేద్దామని మీట మీద చెయ్యి వేసింది.

"...మూగ వంపు," అంది సెట్టులో ఆడపడుచు గొంతు. కాస్త తడబడింది. "వార్త లేదు."

సెట్టు మీద ఎర్రదీపం వెలిగింది.

ఆరింది.

ఒక గుటక వేసేంత సందు...

మళ్లీ వెలిగింది. ఆరింది.

వెనక ముసలాయన చేతి సెట్టులో, టిక్... టిక్.

తెగిన తీగ గాలి లేకుండానే మెల్లగా ఊగుతోంది. అక్కడ రేకుల గదిలో ఉన్న పిల్లకి ఇదంతా ఏం తెలుసు పాపం? పద్ధతి ఎలా నేర్పారో అలాగే చేసింది. వదిన రెండేళ్లుగా అడగనిది... అడిగేసింది.

"మూగ వంపులో ఎవరు?"

ఎర్రదీపం వెలిగింది.

ఈసారి ఆరలేదు.

చేతి సెట్టులోంచి మొదట నీళ్ల చప్పుడు వచ్చింది. చాలా లోతులో కదిలే నీళ్ల చప్పుడు. దాని వెనక, రెండేళ్లుగా మాట్లాడనివాడు గొంతు సవరించుకున్నట్టు, ఒక చిన్న దగ్గు.