రెండో గుప్పెడు

"పెద్ద ఫిల్టరు అడిగితే సిన్నది అంటగట్టారు. సూడండి, రెండు సేపలు సచ్చిపోనాయి!"

మురళీమోహన్ హెల్మెట్ తియ్యకముందే యమున దులిపేసింది. శృంగవరపుకోటలో వాళ్ళ పెరటి సిమెంటు కుంటకు రెండు నెలల క్రితం ఫిల్టరు బిగించింది అతనే. ఇప్పుడా నీళ్ళు గోంగూర ఉడికించినట్టున్నాయి. ఆ ఎర్రచేపల్ని తెచ్చి పెంచిన ఆమె నాన్న ధనరాజు మొన్న వేసవిలో పోయాడు.

"ఇవి కూడా పోతే మా అమ్మ తట్టుకోలేదు."

"పెద్దదైతే ఆ ఉరవడికి సేపలు అలిసిపోతాయండీ. మేత ఎంత ఏస్తన్నారేటి?"

"పొద్దున్న నేనే ఓ గుప్పెడు ఏస్తాను. ఇంకెవరూ ఎయ్యరు."

"మరి నీళ్ళు ఎందుకిలాగయ్యాయి? మీ కోపానికి మరిగిపోనాయా?"

నవ్వొచ్చినా ఆపుకుంది యమున. రోజూ సాయంత్రం ఆ వేళకు ట్యూషన్ చెప్పడానికి వెళ్ళేది, వానకు ఆగిపోయింది.

అప్పుడొచ్చింది సుభద్రమ్మ. తలమీద కొంగు కప్పుకుని, వీళ్ళను చూసుకోకుండా గుప్పెడు మేత కుంటలో చల్లేసింది.

"అమ్మా! అదేటి? పొద్దున్న ఏసేను కదా!"

సుభద్రమ్మ దొంగలా నిలబడిపోయింది.

"అది నీదే. ఇది మీ నాన్నది. పొలం నుంచి రాగానే ఏసీవోరు కదా. ఈ వేళకి సేపలు గట్టుకేసే సూస్తన్నాయే."

ఆపమని చెప్పాలి. మాట మురళి నోటిదాకా వచ్చింది.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు. "లెక్కలో ఓ గుప్పెడు వదిలేసేను. పెద్దది పెడతాను, మోటారు మెల్లగా తిప్పుదాం. మీరు ఏసుకోండి."

యమున అతని వంక చూసింది. మొహమ్మీద జల్లు పడుతున్నా తుడుచుకోలేదు.

పెద్ద ఫిల్టరు వచ్చింది. నీళ్ళు చూడ్డానికి అతను ప్రతి ఆదివారం విజయనగరం నుంచి వచ్చేవాడు. ఆమె టీ ఇచ్చేది, నాలుగు ఎత్తిపొడుపులతో సహా.

వినాయక చవితి వెళ్ళాక యమున ఫోన్ చేసింది.

"అమ్మ సాయంత్రం మేత మానేసింది. నిన్న గట్టుమీద కూకుని, 'ఆయన ఇంక రారు కదే' అని ఏడ్సింది. ఇన్నాళ్ళకి."

అతను చేతిలోని పని పక్కన పెట్టి విన్నాడు.

"మళ్ళీ సిన్న ఫిల్టరు పెట్టేస్తారా?"

"ఉండనీండి, నష్టం లేదు. నీళ్ళు తేరుకున్నాయి. ఇంక నేను ఆదివారాలు రానక్కర్లేదు."

"సేపలకి అక్కర్లేదు" అంది యమున. "నేనింకా ఏడవలేదండీ. అమ్మ ముందు ఏడవలేను."

ఆ రోజు మంగళవారం. మురళీమోహన్ బైకు తీశాడు.