నాన్న దిద్దిన ఫోటో

పొద్దున్నే కాఫీ గొంతు దిగకముందే ఇంట్లో రభస మొదలైంది. స్నానానికని వెళ్ళిన పదో తరగతి పిల్ల లోపల గడియ పెట్టుకుని ఎంతకీ బయటికి రాదు. తలుపు బయట దాని తండ్రి, తువ్వాలు భుజాన వేసుకుని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆయన ఫోటోగ్రాఫరు. ఊరందరినీ "కాస్త నవ్వండి" అని బతిమాలి నవ్వించే మనిషి, కన్నకూతురి చేత ఒక్క తలుపు తీయించలేకపోతున్నాడు.

"బస్సు వెళ్ళిపోతుందే! లోపలేమైనా కాపురం పెట్టావా?"

"నేను స్కూలుకి వెళ్ళను. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ వెళ్ళను."

"విన్నావా?" అని భార్య మీదికి తిరిగాడు. "అంతా నీ గారాబం!"

"నా గారాబమా? కింద స్టూడియో షోకేసులో దాని ఫోటో పెట్టింది నేనా? దాన్నే అడగండి!" అని ఆవిడ విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతనికి ఒళ్ళు మండింది. పిల్ల పుట్టినరోజని ఎంత ముచ్చటపడి చేశాడా ఫోటో! స్టూడియో ముందు నిలువెత్తున పెడితే దారినపోయేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

"ఆ ఫోటోకేమొచ్చిందే? మహారాణిలా ఉన్నావు కదా!"

గడియ తీసిన చప్పుడైంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన పిల్ల గుమ్మంలో నిలబడింది.

"అది నేను కాదు నాన్నా. మా క్లాసువాళ్ళు చూసి 'మీ అక్కా?' అని అడుగుతున్నారు. ముక్కు సన్నం చేశావు. దవడ చెక్కేశావు. రంగు మార్చేశావు."

"అందరికీ చేస్తానే! అలవాటు. చెయ్యి దానంతటదే పోతుంది."

"నా రూపం గురించి క్లాసులో ఎవరేమన్నా ఇన్నాళ్ళూ ఏడవలేదు నేను. మా నాన్నకి బాగుంటాను కదా అనుకునేదాన్ని. నీకూ బాగోలేనన్నమాట!"

గదమాయించబోయినవాడల్లా భుజం మీది తువ్వాలు తీసి పక్కన పడేశాడు. పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగి స్టూడియోలోకి తీసుకెళ్ళాడు. కంప్యూటర్లో ఆ ఫోటో తెరిచి, తను చేసిన మార్పులన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీయడం మొదలుపెట్టాడు. తెలుపు పోయి చామనఛాయ వచ్చింది. ముక్కు వెడల్పయింది. దవడ మళ్ళీ గుండ్రంగా నిండింది. ఒక్కో నొక్కుకీ తన పిల్ల తన దగ్గరికి తిరిగొస్తుంటే అతని కళ్ళు నీళ్ళతో మసకబారాయి. ఇంత చక్కని పిల్లలో ఏం వంక కనబడిందిరా నీకు, అని తనను తానే తిట్టుకున్నాడు.

"తప్పయిపోయిందమ్మా. ఎవరో గిరాకీ ఫోటో దిద్దినట్టు దిద్దేశాను."

పిల్ల తెర మీదికి వంగి చాలాసేపు చూసుకుంది. "ముక్కు పెద్దదే" అని గొణిగింది.

"పెద్దదే" అన్నాడు తండ్రి. "బాగుంది."

పైనుంచి తల్లి కేక పెట్టింది, బస్సు వెళ్ళిపోయిందని. ఇద్దరూ కదల్లేదు.

"గడ్డం మీద మొటిమ ఉంది" అన్నాడు మెల్లిగా. "అదొక్కటీ తీసెయ్యనా?" ఇన్నేళ్ళ వృత్తిలో అలా ఒకరిని అడగడం అతనికిదే మొదలు.

పిల్ల ఆలోచించింది. ముక్కు ఎగబీల్చి, అరచేత్తో చెంపలు తుడుచుకుంది.

"వద్దు నాన్నా, ఉండనీ. షోకేసులో ఇదే పెట్టు."