మొగిలి మూసిన కిటికీ

“నువ్వే మూసినవ్, నువ్వే తెరువు బావా.”

నార్సింగిలో గోడ కడుతున్న మొగిలి చేతిలో తాపీ ఆగిపోయింది. ఎదురుగా కనకలక్ష్మి, మేనమామ వీరేశం కూతురు. నిరుడు రజాకార్ల భయానికి మామ అడిగితే, ఆ ఇంటి రెండు కిటికీలనూ రాయి, మట్టి పెట్టి మూసింది తనే. ఇప్పుడు సర్కారు మారింది, రజాకార్లు పోయారు. కిటికీలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

“కిడికి కోసం వచ్చినవా, నన్ను చూడనీకి వచ్చినవా?”

ఆమె నవ్వలేదు. “అమ్మకు జ్వరం, దగ్గు. ఆమెకు తక్కువ కాకముందే నాయనమ్మకు వచ్చింది. ఉన్నది ఒక్కటే అర్ర. గాలి ఆడకుంటె అందరికి అంటుకుంటదని దవాఖానల డాక్టర్ చెప్పిండు. నాయిన వింటలేడు.”

చెబుతూనే కొంగు అడ్డం పెట్టుకొని దగ్గింది. మొగిలి తాపీ కింద పెట్టేశాడు. గడ్డపార భుజాన వేసుకొని వెంట నడిచాడు.

వీరేశం గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. “జ్వరమున్నోళ్లకు గాలి తగలొద్దు. ఇగ కిడికి తెరిస్తె ఎవడు జొరబడ్తడో ఏమో.”

“నేనుంట మామా. బయట కావలి కూసుంట. గాలి తప్ప ఇంకోటి లోపలికి రాదు.”

మామ పక్కకు తప్పుకున్నాడు. ఎదురెదురు గోడల్లో రెండు కిటికీలూ తెరుచుకున్నాక, ఇంట్లో నిలిచిపోయిన పొయ్యి పొగ, జ్వరం వాసన మెల్లగా బయటికి కదిలాయి.

ఆ రోజు నుంచి మొగిలి పని కాగానే వచ్చి కిటికీ కింద కూర్చునేవాడు. అత్త లేచి గంజి తాగింది. అమ్మమ్మ వాకిట్లో ఎండకు కూర్చుంది. కనకం మాత్రం మంచం పట్టింది. రజాకార్ల గుర్రాల చప్పుడుకు కూడా అంత బెదరని మొగిలి, ఆ దగ్గుకు వణికిపోయాడు. దగ్గు వినబడితే భయం, వినబడకపోతే ఇంకా భయం.

ఒక సాయంత్రం లోపల చప్పుడే లేదు.

“కనకం” అని పిలిచాడు. కిటికీలోంచి చూస్తే మంచం ఖాళీగా ఉంది. గుమ్మం వైపు పరుగెత్తబోయాడు.

“ఎవరి కోసం చూస్తున్నవ్?”

వెనక నుంచి వచ్చిందా మాట. దుప్పటి కప్పుకొని, గోడ పట్టుకొని నిలబడింది కనకం. మనిషి చిక్కిపోయింది గానీ కళ్ళల్లో అల్లరి తగ్గలేదు.

“చెప్పకుండ లేస్తవా? నా పానం పోయింది.”

“దొంగల కోసం కావలున్నవనుకున్న.”

“నీ కోసమే ఉన్న. నీ దగ్గు వినబడకపోతె నాకు ఊపిరాడలేదు.”

కనకం తల వంచుకుంది. ఈసారి నవ్వింది.

అప్పుడే ఇంట్లోకి వచ్చిన వీరేశం గొంతు కిటికీలోంచి వినిపించింది. “మంచు పడుతున్నది మొగిలీ. దాన్ని లోపలికి తోల్కరా. నువ్వు గూడ రా. ఇగ ఈ ఇంటికి లోపల్నుంచే కావలుందువు.”