గడ్డిలో దాచిన సర్వర్

బుజ్జమ్మ చనిపోయిన కబురును నిఘా డిపార్ట్‌మెంట్ తొక్కిపెట్టింది. ఆపరేషన్ మధ్యలో ఏజెంట్ మనసు చెదరకూడదట. భాస్కరరావు ఇంటికి చేరేసరికి భార్య దహనం కూడా అయిపోయింది. ఇందులో డిపార్ట్‌మెంట్ పక్షాన చెప్పుకోవడానికేమీ లేదు.

అందుకే చీఫ్ కృష్ణకాంత్ మామిడి వ్యాపారి వేషంలో రెడ్డిగూడెంలోని తన తోటకు వచ్చినప్పుడు, ఉద్యోగం వదిలేసిన భాస్కరరావు కూర్చోమనలేదు.

కృష్ణకాంత్ బేరగాళ్ళ పద్ధతిలో తువ్వాలు కప్పి, దాని కింద అతని వేళ్ళు పట్టుకున్నాడు. చూపుడువేలు రెండుసార్లు నొక్కాడు. కోడ్: టాప్ సీక్రెట్.

“విస్సన్నపేట రోడ్డులో ప్యాక్‌హౌస్ పెట్టిన సింధూర ఎక్స్‌పోర్టర్ కాదండీ. మన ఏజెంటే. విదేశీ ముఠాకి అమ్ముడుపోయింది. మన రాడార్ డ్రాయింగులు ఆవిడ లైనక్స్ సర్వర్ పెట్టెలో ఉన్నాయి. కొనేవాడు రేపొస్తాడు. టీవీలో చూసుకుని, నచ్చితే పెట్టె పట్టుకుపోతాడు.”

“అయితే రెయిడ్ చేయండి.”

“పెట్టె ఎక్కడ దాచిందో తెలీదు. మేం వెతికేలోపు ఎటో పంపేస్తుంది. టీవీకి సర్వర్ దొరకట్లేదని బాగుచేసే మనిషి కోసం చూస్తోంది. ఈ చుట్టుపక్కల ఆ పని తెలిసింది మీకే. మీదీ ఆవిడదీ ఒకటే మోడల్. మీ దాంట్లో నకిలీ డ్రాయింగులు వేస్తాం. ఆవిడ పెట్టె తీసేసి మీది పెట్టేయండి.”

భాస్కరరావు చెయ్యి లాక్కున్నాడు. ఆ పెట్టెలో బుజ్జమ్మ వీడియోలున్నాయి. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. రోజూ అది టీవీలో వింటూనే అన్నం తింటాడు.

“ముందు ఆ వీడియోలు కాపీ తీసి, తర్వాతే తుడుస్తామండీ. నా మాట.”

“మీ మాట నేను చూశాను.”

అయినా ఇచ్చాడు. సరిహద్దులో ఉన్న కుర్రాళ్ళు అతనికేం అన్యాయం చేయలేదు.

మర్నాడు భాస్కరరావు సింధూర ప్యాక్‌హౌస్‌కు తీసుకెళ్ళిన బుట్టలో అడుగున తన పెట్టె, దాని మీద వరిగడ్డి, పైన చిన్నరసాలు. బయట తోటలో చిక్కాలతో కాయలు కోస్తున్నవాళ్ళు కమాండోలు. తువ్వాలు దులిపితే వస్తారు.

సింధూర పట్టుచీరలో, నల్లకళ్ళద్దాలతో ఎదురొచ్చింది. సోఫాలో విదేశీయుడు కూర్చుని ఉన్నాడు.

“టీవీ, సర్వర్ రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి బాబాయ్ గారూ. కాసేపు కనిపిస్తుంది, మళ్ళీ మాయమైపోతుంది.”

“పెట్టె ఎక్కడమ్మా?”

ఆమె తటపటాయించి, కాయలు మాగబెట్టే గదికి తీసుకెళ్ళింది. పెట్టెను గడ్డి కింద కుక్కేసింది. చెయ్యి పెడితే, ఆ గడ్డి జ్వరం వచ్చిన ఒళ్ళులా కాలుతోంది.

“వేడికి ఆగిపోతోంది. మామిడికాయలు ఎగుమతి చేసేదానివి, గడ్డి వేడెక్కుతుందని తెలీదా?”

హాల్లోంచి విదేశీయుడు కేకేశాడు. ఆమె తల తిప్పింది. ఆ క్షణంలో గడ్డిలోని పెట్టె బుట్టలోకి, బుట్టలోది బయటికి మారాయి.

భాస్కరరావు తన పెట్టెను టీవీ పక్కన పెట్టి, ఆమె సర్వర్ పేరే దానికీ పెట్టాడు. టీవీ వెంటనే గుర్తుపట్టింది. విదేశీయుడు డ్రాయింగులు చూసి తలూపాడు. రిమోట్ ఇంకోసారి నొక్కాడు.

తెర మీదికి బుజ్జమ్మ వచ్చింది.

“గడ్డి పలచగా పరవండమ్మా, మందంగా వేస్తే కాయ ఉడికిపోద్ది. ఏవండీ, నన్నెందుకు తీస్తారు, కాయల్ని తియ్యండి.”

తుడవలేదంటే కాపీ తీయలేదు. అసలు ఆ ఫోల్డరే ఎవరూ తెరవలేదు.

పెట్టె మారిందని సింధూరకూ అర్థమైంది. హ్యాండ్‌బ్యాగులోంచి సైలెన్సర్ పిస్టల్ తీసి, అతనికి కాదు, పెట్టెకు గురిపెట్టింది.

“మీ ఆవిడా? నా పెట్టె నాకిచ్చేయండి బాబాయ్. లేకపోతే ఈ గొంతు మళ్ళీ వినరు.”

విదేశీయుడు బుట్ట వైపు లేచాడు. తెర మీద బుజ్జమ్మ నవ్వుతోంది. ఆ నవ్వు అయ్యేదాకా భాస్కరరావు ఆగాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, కిటికీలోంచి దులిపాడు.

పిస్టల్ దగ్గింది. తెర నల్లబడింది. చిక్కాలు పారేసి కమాండోలు లోపలికి దూకారు.

“దేశాన్ని కాపాడారండీ,” అన్నాడు కృష్ణకాంత్. “మెడల్‌కి రాస్తాను.”

“కాపీ?”

“టైమ్ దొరకలేదండీ. మావాడు...”

భాస్కరరావు సింధూర పెట్టెను అతని చేతిలో పడేశాడు.

“బుజ్జమ్మ పోయిన కబురు చెప్పడానికీ మీకు టైమ్ దొరకలేదు. ఇక నా గుమ్మం తొక్కకండి. ఈ విషయం నేను మళ్ళీ ఎత్తను.”

ఎత్తలేదు. ఇంట్లో టీవీ పెడితే ‘సర్వర్ దొరకలేదు’ అని వస్తుంది. ఏం జరిగిందని ఎవరడిగినా అతను ఆ మాత్రం కూడా చెప్పడు.